పళ్ళాయన చేసిన జీపు

మా వీధిలో ఆయన్ని అందరూ పళ్ళాయన అంటారు. పళ్ళు పీకే డాక్టరు కాదు. డాక్టర్లు పీకేసిన చోట పెట్టుకోవడానికి కట్టుడు పళ్ళు చేసిపెట్టే మనిషి. మా చుట్టుపక్కల ముసలివాళ్ళలో సగం మంది నవ్వు ఆయన చేతుల్లో తయారైందే. నా పైవరస కూడా ఆయన చేసిందే. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే సంగతిలో ఎక్కడైనా మాట తడబడితే తప్పు నాదే గాని ఆయన పనితనానిది కాదు.

ఇంటి కింది భాగంలో పనిగది, మేడ మీద రెండు గదుల కాపురం. పనిగదిలో అడుగుపెడితే చెప్పులు తెల్లబడతాయి. స్విచ్చుల మీద, గడియారం మీద, ఆయన కనుబొమల మీద కూడా ప్లాస్టర్ పిండి పేరుకుని ఉంటుంది. గోడకు కొట్టిన చెక్కల మీద వరసగా సుద్ద దవడలు. కొత్తగా వచ్చినవాళ్ళకు వాటి మధ్య కూర్చుంటే తమని చూసి పది మంది నవ్వుతున్నట్టే ఉంటుంది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా కదిపితే, "నా దగ్గరికొచ్చి అందరూ నోరు తెరుస్తారండీ, సమయానికి నా నోరే పెగలదు" అని తప్పించుకునేవాడు.

ఆయనకు ఒక అక్క. ఏడేళ్ళు పెద్దది. ఆయనకు తొమ్మిదో ఏట అమ్మా నాన్నా ఆరు నెలల తేడాలో పోయారు. అప్పటికి పదహారేళ్ళున్న అక్క ఒక మోటారు షెడ్డులో బళ్ళు కడిగే పనికి కుదిరింది. బళ్ళు కడుగుతూ కడుగుతూ వాటిని ముందుకీ వెనక్కీ తీయడం నేర్చుకుంది. తర్వాత లైసెన్సు తెచ్చుకుంది. కొండల్లో ఒక ఆరోగ్య కేంద్రానికి జీపు డ్రైవరు కావాలంటే, మగవాళ్ళెవరూ ఆ రోడ్ల మీదికి రామని మొండికేశారట. ఈవిడ వెళ్ళి ఇరవై ఎనిమిదేళ్ళు నడిపింది. పురిటి నొప్పులు పడేవాళ్ళని, పాము కరిచినవాళ్ళని, జ్వరంతో ఒళ్ళు తెలియనివాళ్ళని ఎక్కించుకుని గుట్టలూ వాగులూ దాటించింది. ఆ కొండల్లో ఆవిడ అసలు పేరు చాలామందికి తెలియదు. జీపక్క అంటేనే తెలుసు. తమ్ముణ్ణి చదివించిందీ, ఈ పళ్ళ పని నేర్పించిందీ ఆవిడే. తమ్ముడు అక్కని చూడడానికి ఆ కొండలకు వెళ్ళింది మాత్రం రెండేసార్లు. ఆ రెండుసార్లూ మలుపులకు కడుపులో తిప్పి, జీపులో కళ్ళు గట్టిగా మూసుకునే కూర్చున్నాడు.

ఉద్యోగం అయిపోయిన మరుసటేడు జీపక్క తడి మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక తమ్ముడు తన ఇంటికి తీసుకొచ్చాడు. నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడవగలిగేది, అంతే. మంచం కిటికీ పక్కన వేస్తే ఆవిడ కిటికీకి వీపు పెట్టి పడుకునేది.

"ఏమైనా కావాలా అక్కా?"

"ఏం వద్దురా."

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కాతమ్ముళ్ళ మధ్య నడిచే మాటలు ఈ రెండే. ఎముక అతుక్కుంది, నొప్పి తగ్గింది, మనిషి మాత్రం రోజురోజుకీ ఇంకిపోతోంది. ఆ ఇరవై ఎనిమిదేళ్ళలో రోజుకి వంద మందితో కేకలేసి మాట్లాడిన గొంతు అది. ఆయనకి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

అలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం, ఆయనకి ఎక్కువ పని ఇచ్చే పళ్ళ డాక్టరు ఒక సంచీ పట్టుకుని పనిగదికి వచ్చాడు.

"ఈ దవడ విరిగిందండీ. అతుకుతుందేమో చూడండి" అంటూ సంచీలోంచి మూరెడు పొడవున్న బొమ్మ బండిని తీసి బల్ల మీద పెట్టాడు. రిమోటుతో నడిచే బండి. కింద ఇనుప చట్రం, నాలుగు లావుపాటి మెత్తటి చక్రాలు బాగానే ఉన్నాయి. పైనున్న కారు ఆకారపు తొడుగు మాత్రం ముక్కలు ముక్కలైపోయింది.

"ఇది పరుగెత్తే బండి కాదు, రాళ్ళెక్కే బండి. క్రాలర్ అంటారు. మనిషి నడిచేంత వేగం కూడా ఉండదు. నేనేమో తొందరపడి బండ మీంచి దొర్లించేశాను" అన్నాడు డాక్టరు.

పళ్ళాయన పెంకుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అతకదండీ. మొత్తం కొత్త సెట్టే కట్టాలి" అన్నాడు.

"అయితే మీరే ఉంచేసుకోండి. నా భార్య దాన్ని చూసినప్పుడల్లా నన్ను చూసి నవ్వుతోంది."

డాక్టరు వెళ్ళాక ఆయన తలుపు వేసి, నేల మీద ఒక ఇటుక, దాని వెనక ప్లాస్టర్ బస్తా పెట్టి బండిని నడిపి చూశాడు. ముందు కుడి చక్రం ఇటుక అంచు పట్టుకుంది. కాసేపు ఆలోచిస్తున్నట్టు ఆగింది. ఎడమ చక్రం కిందికి జారి నేలని వెతుక్కుంది. తర్వాత బండి మొత్తం నడుం మెలితిప్పి, మెల్లగా పైకి లేచి, బస్తా మీదికి పాకింది. అక్కకి పని చెయ్యడానికి కాళ్ళు కావాలని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఈ బండికి రెండు చేతులు చాలు, చూసే కళ్ళు చాలు.

డాక్టరు ఇచ్చింది డాక్టరు ఇచ్చినట్టే పైకి పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టొచ్చు. కానీ ఆయనకి మనసొప్పలేదు. అక్కకి కావలసింది ఏదో ఒక బండి కాదు, ఆమె బండి. ఆమె నడిపిన జీపు ఆకారంలో తొడుగు తనే చేస్తాననుకున్నాడు.

ఆధారం ఒకే ఒక్క ఫోటో. అందులో జీపక్క బానెట్‌కి ఆనుకుని ముఖం చిట్లించుకుని నిలబడి ఉంది. బండి ఎడమ సగమే కనబడుతుంది. కుడి సగాన్ని ఎడమ సగాన్ని చూసి చేశాడు. ఊడిపోయిన పన్ను ఎలా ఉండేదో అవతలి పక్కనున్న పన్నుని చూసి తెలుసుకోవడం ఆయనకి రోజూ ఉన్న పనే. ముందు మైనంతో జీపుని మలిచాడు. మైనం చుట్టూ ప్లాస్టర్ పోసి అచ్చు తీశాడు. ఆ అచ్చులో కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడే గులాబి రంగు ముద్దనే నొక్కి గట్టిపరిచాడు. అచ్చు పగలగొట్టి తీస్తే, జీపు అంతా చిగుళ్ళ రంగులో, ఎవరి నోట్లోంచో ఊడిపడినట్టు బయటికొచ్చింది. దాని మీద తెల్లరంగు రెండు పూతలు పూశాడు. ముందు జాలీకి, వంకర పళ్ళని సరిచేసే తీగని ముక్కలుగా కోసి వరసగా అతికించాడు. హెడ్‌లైట్లకి మాత్రల అట్ట మీది బుడగలు. పక్క అద్దాలకి, పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే గుండ్రటి చిన్న అద్దాలు రెండు.

చివరికి స్టీరింగు వెనక ఒక బెత్తెడు బొమ్మని కూర్చోబెట్టాడు. జుట్టు వెనక్కి దువ్వి ముడి వేసుకున్న ఆడ డ్రైవరు. ముఖం ఎంత చెక్కినా అక్కలా రాలేదు. ఏం చెయ్యాలో తెలియక, తనకి బాగా వచ్చింది చేశాడు. బొమ్మ నోరు తెరిచి పైన నాలుగు, కింద నాలుగు పళ్ళు పెట్టాడు.

రెండు నెలలు పట్టింది ఇదంతా. ఒకరోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక దాన్ని ఒక తువ్వాల్లో చుట్టి పైకి తీసుకెళ్ళి అక్క మంచం మీద పెట్టాడు.

జీపక్క లేచి కూర్చుంది. తువ్వాలు తీసింది. బానెట్ మీద వేలు పెట్టి అద్దం దాకా, అద్దం నుంచి తలుపు దాకా రాసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని లోపలికి వంగి చూసింది.

"ఎవర్రా ఇది?"

"నువ్వే అక్కా."

"నేనా? ఇరవై ఎనిమిదేళ్ళు నడిపాను. ఒక్కరోజైనా స్టీరింగు ముందు ఇలా పళ్ళికిలించానట్రా?"

"పళ్ళు తప్ప నాకింకేం వచ్చు చెప్పు."

ఆవిడకి ఫక్కున నవ్వొచ్చింది. తుంటి నొప్పి పుట్టి "అబ్బా" అంటూనే నవ్వింది. ఆ నవ్వు కింద వీధిలోకి వినబడింది. నేను అప్పుడు మా అరుగు మీదే ఉన్నాను.

నవ్వు అయ్యాక మొదలైంది తప్పుల జాబితా. కుడి పక్క అద్దం ఉండకూడదు, చెట్టుకొమ్మ తగిలి పోయాక మళ్ళీ ఎవరూ పెట్టలేదు. ముందు బంపరు ఇంత తిన్నగా ఎన్నడూ లేదు. ఒక లైటు కాస్త ఆకాశంలోకి చూస్తుండేది. కుడి తలుపు మీద పెద్ద సొట్ట ఉండాలి.

"సొట్ట కూడానా?"

"అది లేకపోతే నా బండే కాదు. లోపల పెళ్ళాం పురిటి నొప్పులు పడుతోంటే బయట నిలబడ్డ మొగుడు తట్టుకోలేక తలుపుని తలతో కొట్టాడు. నర్సమ్మ పిల్లకీ స్నానం చేయించింది, వాడి నుదుటికీ కట్టు కట్టింది. కింద మైనం చెక్కే చాకు ఉంటుందిగా, కాస్త కాల్చి పట్రా."

రెండు నెలలు నునుపు చేసిన తలుపు అది. పళ్ళాయన ప్రాణం ఉసూరుమంది. అయినా చాకు వేడి చేసి తెచ్చి ఇచ్చాడు. జీపక్క నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, చాకు వెనక వైపుతో తలుపుని కాస్త మెత్తబరిచి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. వేలు చురుక్కుమన్నా లక్ష్యపెట్టలేదు.

"ఇప్పుడొచ్చింది ముఖంలో కళ" అంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మెట్ల దగ్గర నిలబడి ఉంది. పదకొండు మెట్లు. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి దిగడం. తమ్ముడు ఒక మెట్టు కింద వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ చాచి, ఆవిణ్ణి ముట్టుకోకుండా దిగాడు. ముట్టుకుంటే ఊరుకోదు. పెరట్లో కుర్చీ వేసి, ఇటుకలూ బండరాళ్ళూ పోగేసి, రిమోటు ఆవిడ చేతిలో పెట్టాడు. చూపుడు వేలికి మీట, అరచేతికి చిన్న చక్రం. మీట నొక్కితే ముందుకు, చక్రం తిప్పితే పక్కకు.

జీపు మొదటి ఇటుక ఎక్కింది. రెండో ఇటుక మీద పక్కకి వాలి దబ్బున పడింది. నిలబెట్టారు. మళ్ళీ పడింది. పదిసార్లు నడిపితే పదిసార్లూ పడింది. పళ్ళాయన ముఖం వాడిపోయింది. చక్రాలు బాగాలేవేమో అన్నాడు, బ్యాటరీ తగ్గిందేమో అన్నాడు.

జీపక్క బండిని ఒళ్ళో పెట్టుకుని, అరచేతిలో అటూ ఇటూ తూచి చూసింది.

"దీని నెత్తి బరువెక్కిందిరా. పైన ఇంత గట్టి కప్పు ఎందుకేశావు?"

"ఫోటోలో అలాగే కనబడింది."

"అది కాన్వాసు గుడ్డరా! రెండుసార్లు ఎక్కావు కదా నా బండి, ఒక్కసారైనా కళ్ళు తెరిచావా?"

ఆయన తలదించుకున్నాడు. ఆవిడే మళ్ళీ, "పోనీలే. ఒళ్ళు పల్చగా ఉండాలి, బరువంతా కిందే ఉండాలి. నీ దగ్గర పల్చటివి ఏమేం ఉన్నాయో చూద్దాం పద" అని ఊతకర్ర అందుకుని పనిగదిలోకి నడిచింది.

ఆ రోజు నుంచి అది ఇద్దరి పని. రాత్రిళ్ళు పళ్ళు కొరికేవాళ్ళకి పంటి తొడుగులు చెయ్యడానికి పల్చటి ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. రేకుని చిన్న యంత్రంలో బిగించి వేడి చేస్తే మెత్తబడి మధ్యలో జారుతుంది. అప్పుడు కింద పెట్టిన సుద్ద దవడ మీదికి దించితే, యంత్రం గాలిని లాగేస్తుంది. రేకు దవడకి చర్మంలా అతుక్కుపోతుంది. ఆ యంత్రం జానెడు వెడల్పు. జీపు మూరెడు పొడవు. అందుకని బండిని భాగాలుగా చేశారు. బానెట్ ఒకటి, తలుపు ఒకటి, మడ్‌గార్డు ఒకటి, ఒక్కోదానికీ ఒక్కో సుద్ద అచ్చు. రేకు ఎప్పుడు దించాలో చెప్పడం జీపక్క పని అయింది. ఇంజను వేడిని వాసనతో కనిపెట్టిన మనిషికి అదెంతసేపు? "ఇంకా ఆగు... ఆగు... ఆ, ఇప్పుడు దించు" అనేది. ఆవిడ చెప్పినప్పుడు దించిన రేకు ఒక్కటీ చెడలేదు. పైకప్పుకి పాత గొడుగు గుడ్డ కోసి, గొడుగు ఊచల మీదే బిగించారు. బరువు కింద ఉండడానికి ఇరుసుల మీద సీసపు ముక్కలు చుట్టారు. బొమ్మ డ్రైవరు బరువని పళ్ళాయన తీసేయబోతే జీపక్క ఒప్పుకోలేదు. "ఉండనీరా, అలవాటైపోయింది" అంది. మెడ దగ్గర కోసి, ఒంటిని లోపల డొల్ల చేసి, తల మళ్ళీ అతికించారు.

పనిగదికి పళ్ళ కొలతలకి వచ్చినవాళ్ళు బల్ల మీద దవడల పక్కన బానెట్లు ఆరుతుంటే చూసి, తమకేం పెడతాడోనని కంగారుపడేవాళ్ళు. నేనూ ఒకసారి కంగారుపడ్డాను.

పల్చబడ్డ జీపు పెరట్లో రాళ్ళన్నీ ఎక్కేసింది. ఆ సంగతి విని డాక్టరు, ఊరి చివర పాడుబడ్డ క్వారీలో ఆదివారాలు ఇలాంటి బళ్ళవాళ్ళు కలుస్తారని చెప్పాడు. తొమ్మిదిమంది ఉంటారు, వాళ్ళకి పెద్ద, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఒకాయన. అతన్ని అందరూ లిఫ్టు మేస్త్రి అంటారు. రాళ్ళ మధ్య జంటగా పుల్లలు పాతి ఉంటాయి. బండి ఆ పుల్లల మధ్యనుంచి పోవాలి. పుల్ల తగిలినా, బండిని చేత్తో ముట్టుకున్నా తప్పు కింద లెక్క.

మొదటి ఆదివారం వాళ్ళ బళ్ళన్నీ కొట్లో కొన్న తొడుగులతో నిగనిగలాడుతున్నాయి. సొట్ట తలుపు, ఆకాశం చూసే లైటు, గొడుగు కప్పు ఉన్న జీపుని చూసి ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. లిఫ్టు మేస్త్రి మాత్రం గొంతుక్కూర్చుని తలుపుని గోటితో తట్టాడు.

"ఇంత పల్చగా ఎక్కడ దొరికిందండీ?"

"దొరకలేదు బాబూ, మావాడు చేశాడు. మీరెవరైనా రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా? కొరికితే మీక్కూడా ఇదే రేకు" అంది జీపక్క.

ఆ రోజు ఆవిడ బండి ఒక్కసారి కూడా పడలేదు. ఒక్క పుల్లకీ తగల్లేదు. అయినా ఆఖరి స్థానం వచ్చింది. ఇచ్చిన సమయంలో సగం దూరమే వెళ్ళింది మరి.

"టైమైపోయిందండీ అక్కగారూ" అన్నాడు లిఫ్టు మేస్త్రి.

"ఎవరికి తొందర?" అని, గడియారం ఆపేశాక కూడా పది నిమిషాలు నడిపి ఆ దారి పూర్తి చేసిగాని ఆవిడ లేవలేదు. చివరి పుల్లలు దాటేసరికి తొమ్మిదిమందీ తమ బళ్ళు వదిలేసి ఆవిడ కుర్చీ వెనక నిలబడి చూస్తున్నారు.

ఆ తర్వాత కొన్ని వారాలకి, జీపక్క పెరట్లో రాళ్ళు కొత్తగా సర్దించడం మొదలుపెట్టింది. ఊతకర్రతో చూపిస్తూ, "ఆ పెద్దది ఇంకాస్త ఎడమకి. దాని ముందు ఏటవాలుగా పలకరాయి. కాదు, ఇంకా జారుడుగా ఉండాలి" అని మూడు రోజులు తమ్ముడి నడుం విరగ్గొట్టింది. పోటీ కోసం సాధన చేస్తోంది కాబోలనుకుని ఆయన చెప్పినట్టల్లా సర్దాడు.

నాలుగో రోజు పొద్దున కూర్చుంది. ఒకవైపు నుంచి నడిపింది, పలకరాయి మీద జారింది. ఇంకోవైపు నుంచి నడిపింది, పెద్దరాయికి కొట్టుకుంది. టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది. ముఖం బిగుసుకుపోయి ఉంది, పెదవులు తెల్లబడ్డాయి. పద్నాలుగోసారో పదిహేనోసారో, జీపు ఎడమ చక్రాలు పలకరాయి అంచు మీద, కుడి చక్రాలు రెండు గుండ్రాళ్ళ మీద మోపి, వణుకుతూ వణుకుతూ అవతలికి చేరింది.

పళ్ళాయన చప్పట్లు కొట్టాడు. జీపక్క రిమోటు ఒళ్ళో పెట్టేసింది.

"దారి ఉందిరా" అంది.

"ఏ దారి?"

ఆవిడ రాళ్ళకేసి చూస్తూనే చెప్పింది. పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. వానలు. అవతలి గూడెం నుంచి ఒక అమ్మాయిని, తోడుగా నర్సమ్మని ఎక్కించుకుని వస్తోంది. తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. మధ్యలో వాగు. రోజూ దాటే వాగే. ఆ రోజు ఒడ్డుకొచ్చి బండి ఆపింది. చక్రం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దిగి చూసింది, మళ్ళీ ఎక్కింది. వెనక్కి తిప్పి, కొండ చుట్టూ ఉన్న దూరపు దారిలో తీసుకెళ్ళింది. రెండు గంటలు ఎక్కువ పట్టింది. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

"ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదురా. తర్వాత కూడా నా బండిలోనే వచ్చేది, దండం పెట్టేది. తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళూ నాకు ఒకటే ఆలోచన. దారి ఉందేమో, నేను భయపడి చూడలేదేమో అని. చూశావుగా. ఉంది."

పళ్ళాయనకి ఎప్పటిలాగే నోరు పెగల్లేదు. వెళ్ళి కుళాయి కింద రెండు బకెట్లు నింపుకొచ్చాడు.

"ఏంట్రా అవి?"

"ఇందులో నీళ్ళు లేవక్కా. నువ్వు దాటింది ఎండిన రాళ్ళు. మళ్ళీ నడుపు."

"బండి పాడైపోతుందిరా. తడిస్తే లోపల సామానంతా పోతుంది."

"పోతే పోనీ. నడుపు."

తమ్ముడి గొంతు అలా ఆవిడెప్పుడూ వినలేదు. బండిని మళ్ళీ మొదట్లో పెట్టించుకుని, అదే దారిన నడిపింది. ఎడమ చక్రాలు పలకరాయి అంచు ఎక్కాయి, కుడి చక్రాలు గుండ్రాళ్ళ మీదికి వచ్చాయి. అప్పుడు పళ్ళాయన పైనుంచి ఒక బకెట్టు ఒక్కసారిగా ఒంపాడు, వెంటనే రెండోది. నీళ్ళు పలకరాయి మీదుగా తోసుకొచ్చి జీపుని పక్కనుంచి పట్టాయి. గుండ్రాళ్ళు కింద నుంచి దొర్లిపోయాయి. జీపు అడ్డంగా జారి, పెద్దరాయికి కొట్టుకుని, తలకిందులై రాళ్ళ మధ్య నీళ్ళలో పడింది. చక్రాలు రెండు చుట్లు గాల్లో తిరిగి ఆగిపోయాయి.

జీపు చుట్టూ నీళ్ళు మెల్లగా ఇంకిపోయాయి.

"ఇవి బకెట్టు నీళ్ళు. ఆ రోజు వాగు ఇంతేనా?" అంది జీపక్క చివరికి.

"నేనూ అదే అంటున్నానక్కా. బకెట్టు నీళ్ళకే ఇలా అయింది. లోపల ఆ అమ్మాయి, నర్సమ్మ, నువ్వు."

ఆవిడ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదిలాయి. ఆయన ఖాళీ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, అక్క మోకాలి మీద తడి చెయ్యి వేసి ఉంచాడు. ఎండ గోడ దిగి పెరడు మధ్యకి వచ్చేదాకా అలాగే ఉన్నారు.

"అయినా ఆ బిడ్డ..." అంది ఆవిడ.

"అవునక్కా" అన్నాడు ఆయన. అంతకు మించి ఏమీ అనలేదు. అనకపోవడమే మంచిదైందని తర్వాత నాతో చెప్పాడు.

బండిని విప్పి ఒక్కో భాగాన్నీ గుడ్డ మీద పరిచి, పనిగదిలో ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టారు. బండిని నడిపే మోటారు బతికింది. రిమోటు మాట వినే పెట్టె కూడా దగ్గుతూ దగ్గుతూ బతికింది. ముందు చక్రాలని పక్కకి మళ్ళించే చిన్న మోటారు మాత్రం పోయింది. విషయం తెలిసి లిఫ్టు మేస్త్రి తన పాతబండిలోది విప్పి తెచ్చిచ్చాడు. ఎలా తడిసిందని అడిగితే, "వాగులో దిగాంలే" అంది జీపక్క. బానెట్ పగిలింది. పళ్ళాయన కొత్తది చేస్తానంటే, ఈసారి రేకు వేడి చేసేదీ, దించేదీ, కత్తిరించేదీ తనేనంది. మొదటి రెండూ చెడగొట్టింది. మూడోది కాస్త వంకరగా వచ్చింది. వంకరగానే బిగించారు.

ఆ తర్వాత ఆవిడ కొండల్లో నర్సమ్మకి ఫోను చేసింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ రోజు గురించి మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడుకున్నారో పళ్ళాయనకి తెలియదు. ఆయన అడగలేదు. గంటంపావు మాట్లాడుకున్నారని మాత్రం తెలుసు.

చలికాలం మొదట్లో క్వారీలో పెద్ద పోటీ జరిగింది. వేరే ఊళ్ళ నుంచి కూడా బళ్ళు వచ్చాయి. జీపక్కకి ఇరవైరెండు బళ్ళలో అయిదో స్థానం వచ్చింది. గడియారం గురించి ఆవిడ అభిప్రాయం ఏమీ మారలేదు. ఆ రోజు నేనూ వాళ్ళతో వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో జీపక్క కిటికీ పక్కన, జీపు ఆవిడ ఒళ్ళో, పక్కన తమ్ముడు, వెనక సీట్లో నేను. దారి పొడుగునా ఆవిడ బస్సు డ్రైవరు మీద గొణుగుతూనే ఉంది, క్లచ్చి మీంచి కాలు తీయడం లేదని.

ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ చాలాసేపటి నుంచి వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"మనవడికా అమ్మా, బొమ్మ?"

"కాదండీ, నాదే" అంది జీపక్క. "వీడు నా తమ్ముడు. బండి వీడు చేశాడు, నేను నడుపుతా. ఈ తలుపు చూడండి, అచ్చం పంటి తొడుగే."

పెద్దావిడ ముక్కున వేలేసుకుంది. జీపక్క బండిని రెండు చేతులా ఎత్తి ముందు సీటు మీదుగా ఆవిడకి అందించింది.

"పట్టుకోండి, ఏం కాదు. లోపల డ్రైవరుందే, దాని నోట్లోకి చూడండి."

పళ్ళాయన సిగ్గుతో కిటికీ బయటికి చూశాడు. ముందు సీట్లోంచి నవ్వు వినబడింది.